వడగాలిలో తేనెపట్టు, పుట్ట, చీమల బారు

(విజయవాడలో ఒక గ్రంథాలయ సమావేశంలో, మే నెల చివరి వారంలో, కీటకశాస్త్రం బోధించే అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరు దాటినా గోడలు వేడి వదలని ఈ రోజుల్లో, ఫ్యాన్ గాలి కూడా సెగగా తగిలే ఈ హాల్లో, చీమల గురించీ తేనెటీగల గురించీ వినడానికి ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో ఈ చుట్టుపక్కల జిల్లాల వారికి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. ఎండ మనకు కొత్త కాదు, మన నేల మీది పురుగూ పుట్రకూ కొత్త కాదు. మరి భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని మన ప్రభుత్వ శాస్త్రవేత్తలు లెక్కకట్టి చెప్పినప్పుడు, ఒక డిగ్రీ కూడా నిండని ఆ పెరుగుదల వీటిని ఏం చేస్తుంది? నలభై అయిదు డిగ్రీలు తట్టుకున్న తేనెటీగకు నలభై ఆరు ఒక లెక్కా? విద్యార్థులు నన్ను తరచు ఈ ప్రశ్న అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా దానికి సమాధానమే.

ముందు ఒక్క మాట స్పష్టం చేసుకుందాం. సంఘజీవులైన కీటకాలు అంటే ఏవి? తేనెటీగలు, చీమలు, చెదపురుగులు, కందిరీగల్లో కొన్ని జాతులు. గుంపుగా కనిపించే ప్రతి పురుగూ సంఘజీవి కాదు. మిడతల దండు ఎంత పెద్దదైనా అది సంఘం కాదు. గుడ్లు పెట్టే పని ఒక రాణిదో, కొద్దిపాటి రాణులదో అయి ఉండాలి. మిగిలినవన్నీ తమకు సంతానం లేకుండా ఆ సంతానాన్ని సాకాలి. తల్లి తరం, పిల్లల తరం ఒకే గూట్లో కలిసి బతకాలి. ఈ మూడూ ఉంటేనే దాన్ని సంఘం అంటాం. కీటకాల జాతుల్లో ఇలాంటివి రెండు శాతం దగ్గరే ఉంటాయి కానీ, మొత్తం కీటకాల బరువు తూస్తే అందులో సగానికి పైగా వీటిదేనని ఒక అంచనా. చీమల సంగతే చూడండి. భూమి మీద సుమారు 20 వేల లక్షల కోట్ల చీమలు ఉన్నాయని 2022లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అడవి పక్షులనూ అడవిలోని పాలిచ్చే జంతువులనూ అన్నిటినీ కలిపి తూచినా చీమల బరువే ఎక్కువ. నేలను గుల్ల చేసేవి, పూలకు పుప్పొడి మోసేవి, ఎండిన కర్రను మట్టిలో కలిపేవి ఇవే. వీటికి ఏదైనా అయితే అది వీటితో ఆగదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒంటరిగా బతికే పురుగుకు ఎండ ఎక్కువైతే అది నీడకు పోతుంది, లేదా చస్తుంది. సంఘంగా బతికే పురుగు విషయం అలా కాదు. వేడి దాని ప్రాణం తీయడం చివరి సంగతి. అంతకు చాలా ముందే వేడి దాని పనిని మార్చేస్తుంది. తిండికి పోవలసినది నీళ్లకు పోతుంది. పిల్లలను సాకవలసినది రెక్కలు ఆడిస్తూ నిలబడుతుంది. పొద్దంతా నడవవలసిన బారు రెండు గంటలు నడిచి ఆగిపోతుంది. గూడు చూడటానికి నిక్షేపంగా ఉంటుంది, లోపల సంసారం మాత్రం చితికిపోతూ ఉంటుంది. డిగ్రీల లెక్క వేసేవారు తరచు ఈ పని లెక్కను వదిలేస్తారు. నేను చెప్పదలచుకున్నది ఈ పని లెక్క గురించే.

పట్టులో నీళ్ల పని

తేనెటీగలతో మొదలుపెడదాం. మన ప్రాంతంలో నాలుగు రకాలు ప్రధానంగా కనిపిస్తాయి. ఎత్తైన చెట్లకూ, నీళ్ల ట్యాంకులకూ, అపార్ట్‌మెంట్ల చూరులకూ ఒకే పెద్ద పట్టు కట్టే కొండ తేనెటీగ ఒకటి. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు మీద పట్టు కట్టే పుట్ట తేనెటీగ రెండోది. పొదల్లో అరచేతంత పట్టు కట్టే చిన్న తేనెటీగ మూడోది. పెట్టెల్లో పెంచడానికి బయటి దేశాల నుంచి తెచ్చిన ఐరోపా తేనెటీగ నాలుగోది. కుట్టని బుల్లి తేనెటీగలు కూడా ఉన్నాయి, వాటి ప్రస్తావన ఈ రోజుకు వదిలేద్దాం.

పెట్టెల్లో పెంచే తేనెటీగల గూట్లో పిల్లలు పెరిగే మధ్య భాగం బయట చలి ఉన్నా ఎండ ఉన్నా 33 నుంచి 36 డిగ్రీల మధ్యే ఉంటుంది, ఎక్కువగా 35 దగ్గరే నిలుస్తుంది. ఎందుకింత పట్టుదల? ప్యూపా దశలో ఉన్న పిల్లలను 32 డిగ్రీల దగ్గర పెంచి చూశారు, 36 డిగ్రీల దగ్గర పెంచి చూశారు. రెండూ బతికాయి, రెండూ ఎగిరాయి. కానీ చల్లగా పెరిగినవి పెద్దయ్యాక దారి నేర్చుకోవడంలో, తిండి ఎక్కడుందో తోటివాటికి నృత్యంతో చెప్పడంలో వెనకబడ్డాయి. అటువైపు వేడి మితిమీరితే రెక్కలు సరిగా విచ్చుకోని పిల్లలు పుడతాయి. నాలుగు డిగ్రీల తేడాలో తెలివే మారిపోతుందంటే, ఆ మధ్య భాగాన్ని కాపాడటానికి గూడంతా ఎందుకు అంత శ్రమపడుతుందో మీకు అర్థమవుతుంది.

ఎలా కాపాడుతుంది? కొన్ని కూలి ఈగలు గూటి వాకిట వరుసగా నిలబడి రెక్కలాడిస్తూ లోపలి వేడి గాలిని బయటకు తోస్తాయి. అది చాలకపోతే కొన్ని ఈగలు నీళ్లకు పోతాయి. కడుపు సంచిలో నీళ్లు నింపుకొచ్చి లోపలి ఈగలకు నోటి ద్వారా అందిస్తాయి. అవి ఆ నీటిని మైనపు గదుల అంచుల మీద చిన్న చిన్న బొట్లుగా పరుస్తాయి, నాలుక మీద పలచగా సాగదీసి ఆరబెడతాయి. రెక్కల గాలికి ఆ నీరు ఆవిరై గూడు చల్లబడుతుంది. ఇక్కడ ఒక చక్కటి ఏర్పాటు ఉంది, దయచేసి కాస్త శ్రద్ధగా వినండి. నీళ్లు తెచ్చిన ఈగకు ఇంకా నీళ్లు కావాలో వద్దో ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పరు. లోపలి ఈగ ఎంత ఆత్రంగా నీళ్లు అందుకున్నదో అదే దానికి కబురు. నిమిషంలోపే అందుకుంటే ఇంకా కావాలని అర్థం, మళ్లీ పోతుంది. మూడు నిమిషాలు నిలబడ్డా అందుకునేవారు లేకపోతే ఇక చాలని అర్థం, మానేస్తుంది. తేనెటీగల నృత్యాన్ని చదివినందుకు 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ దీన్ని కనిపెట్టాడు. ఆయనే ఇటలీలో సలెర్నో దగ్గర గడ్డకట్టిన లావా నేల మీద, నిండు ఎండలో ఒక తేనెటీగల పెట్టెను ఉంచాడు. బయట వేడి 70 డిగ్రీలకు చేరింది. పక్కనే నీళ్లు దొరికాయి కాబట్టి పెట్టె లోపల మాత్రం 35 దగ్గరే నిలిచింది.

డెబ్భై డిగ్రీలను తట్టుకున్న జీవికి మన నలభై ఆరు ఒక లెక్కా అని మళ్లీ అడగవచ్చు. రెండు సంగతులు చూడాలి. మొదటిది నీళ్లు. లిండావర్ పెట్టె పక్కన నీళ్లున్నాయి. వేసవిలో మంచినీళ్ల ట్యాంకర్ కోసం ఇంట్లో ఒకరు కూలి మానుకుని నిలబడే ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ రోజు ఆ ఇంటికి నీళ్లు వస్తాయి, కూలి డబ్బులు రావు. తేనెపట్టులోనూ సరిగ్గా అదే జరుగుతుంది. నీళ్లకు పోయిన ప్రతి ఈగా ఆ పూట పుప్పొడికి పోనట్టే. రెక్కలాడించిన ప్రతి ఈగా కడుపులో తేనె కరిగించి ఆ శక్తి తెచ్చుకున్నట్టే. కాలువ ఒడ్డున, చెరువు పక్కన ఉన్న పట్టుకు ఈ ఖర్చు తక్కువ. కాలువల్లో నీళ్లు ఆగిపోయిన, చెరువులు పూడిన చోట ఉన్న పట్టుకు ఎక్కువ. పూలు ఎప్పటిలాగే పూసినా, పిల్లలకు పుప్పొడి చాలదు.

రెండో సంగతి మన ఊరికి మరీ దగ్గరిది. సలెర్నో లావా నేల మీది ఎండ పొడి ఎండ. మనది ఉక్క. కృష్ణా డెల్టాలో మే, జూన్ నెలల గాలిలో తేమ ఎంత ఉంటుందో ఈ హాల్లో కూర్చున్న అందరి చొక్కాలే చెబుతున్నాయి. మనకు చెమట పట్టినా ఆరకపోతే ఒళ్లు చల్లబడదు కదా? తేనెటీగలు పరిచే నీటిబొట్టు విషయంలోనూ అదే సూత్రం. గాలిలో తేమ పెరిగే కొద్దీ నీరు ఆవిరయ్యే వేగం తగ్గుతుంది. అంతే చల్లదనానికి ఎక్కువ రెక్కలు ఆడాలి, ఎక్కువ ఈగలు పనికి దిగాలి. అందుకే తీర ప్రాంతంలో ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి ఇది పర్వాలేదు అనుకోవడం సరికాదు. వేడి, తేమ రెండూ కలిసి పెరిగే రోజులే వీటికి అన్నిటికన్నా గడ్డు రోజులని నా అభిప్రాయం.

కొండ తేనెటీగ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే దానికి గోడలూ లేవు, పెట్టే లేదు. పట్టు బహిరంగంగా వేలాడుతుంది. పట్టు మీద ఈగలే ఒకదాని మీద ఒకటి పొరలుగా పరుచుకుని గోడగా నిలబడతాయి. పటమట వైపో గుణదల వైపో ఎత్తైన భవనాల కింద కార్లు నిలిపేవారు ఒకటి గమనించే ఉంటారు. కొన్ని సాయంత్రాలు కారు అద్దాల మీద, ఆరేసిన బట్టల మీద పసుపు పచ్చని చుక్కలు వానలా పడి ఉంటాయి. అవి తేనెటీగల మలం. వేలాది ఈగలు ఒక్కసారిగా పట్టు వదిలి గాలిలోకి లేచి, బరువు దించుకుని, మళ్లీ వచ్చి కూర్చుంటాయి. ఆగ్నేయాసియాలో దీన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఒంట్లో పేరుకున్న వేడిని కూడా అవి ఈ విధంగా దించుకుంటాయని 1989లో ప్రతిపాదించారు. ఇవి వలసపోయే ఈగలు కూడా. పూలు అయిపోగానే పట్టు వదిలి పదుల కిలోమీటర్లు, ఒక్కోచోట రెండు వందల కిలోమీటర్ల దాకా పోయి, మళ్లీ కాలం రాగానే వస్తాయి. మరి దారి పొడుగునా ఆగడానికి చెట్లు, తాగడానికి నీళ్లు, తినడానికి పూలు ఉన్నాయా? వలసపోయే జీవికి వాతావరణం ఒక్కచోట చెడితే చాలు, దారంతా చెడినట్టే.

ఇక్కడి నుంచి రాణి, పోతుటీగల విషయానికి వస్తాను. ఇది ఇంకా లోతైన దెబ్బ. 2021 జూన్ చివర కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వచ్చిన వడగాలి మీకు గుర్తుండే ఉంటుంది. లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. ఆ రోజుల్లో అక్కడి తేనెటీగల పెంపకందార్లు పెట్టెల ముందు పోతుటీగలు రాలిపడి ఉండటం చూశారు. ప్రయోగశాలలో పరీక్షిస్తే, 42 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచితే సగం పోతుటీగలు చనిపోతున్నాయి. అదే వేడికి రాణి ఈగ చనిపోదు. అయితే రాణి క్షేమమేనా? రాణి తన జీవితంలో మొదటి కొద్ది రోజుల్లోనే పోతుటీగలతో కలుస్తుంది. అప్పుడు దాచుకున్న శుక్రకణాలనే ఏళ్ల తరబడి వాడుకుంటూ గుడ్లు పెడుతుంది. వేడి 38 డిగ్రీలు దాటితే రాణి బతికే ఉంటుంది గానీ దాని కడుపులో దాచిన శుక్రకణాలు చెడిపోవడం మొదలవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. రాణి తిరుగుతూనే ఉంటుంది, గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఫలదీకరణం కాని గుడ్ల నుంచి పోతుటీగలే పుడతాయి, కూలి ఈగలు పుట్టవు. కొన్ని వారాలు గడిచాక పట్టులో పనిచేసేవి తగ్గిపోతాయి. పెంచేవాడికి అప్పటికి వడగాలి జ్ఞాపకమే ఉండదు. రాణి పాతదైందని అనుకుంటాడు. ఒక్క మధ్యాహ్నపు ఎండ కొన్ని నెలల తర్వాత పట్టును కూల్చగలదని మనం అర్థం చేసుకోవలసింది ఇందుకే.

తిండి గురించి కూడా చెప్పాలి. ఉగాదికి వేపపూత, ఆ వెంటనే కానుగ, చింత, కొబ్బరి, తాటి, నువ్వు, పొద్దుతిరుగుడు. ఒకటి అయిపోయేలోగా ఇంకొకటి అందుకునే వరుస ఇది. ఈ వరుసలో ఏ రెండింటి మధ్యనైనా ఖాళీ వస్తే పట్టు ఆకలితో ఉంటుంది. అకాల వర్షం పూతను రాల్చేస్తే, పూలలోని మకరందాన్ని కడిగేస్తే, ఆ ఖాళీ వస్తుంది. పువ్వు పూసినా అందులో సత్తువ తగ్గితే? ఇది మరొక ప్రశ్న. అమెరికాలో గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్క ఉంది. శీతాకాలానికి ముందు అక్కడి తేనెటీగలకు చివరి తిండి అదే. 1842 నుంచి ఎండబెట్టి దాచిన దాని నమూనాలను పరీక్షిస్తే, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన కొద్దీ పుప్పొడిలో మాంసకృత్తులు తగ్గుతూ వచ్చి, మూడింట ఒక వంతు పోయాయని 2016లో తేలింది. అంటే ఈగ అంతే దూరం ఎగిరి, అంతే మూట మోసుకొస్తుంది, పిల్ల మాత్రం అర్ధాకలితో పెరుగుతుంది. మన వేప, కానుగ పుప్పొడిని కూడా అలా దాచి పోల్చిచూసే పని ఇక్కడి కళాశాలల్లో ఎవరైనా చేపడితే ఎంత బాగుంటుంది! విద్యార్థులు ఈ హాల్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. దానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి.

చల్లని దేశాల బొద్దు తేనెటీగల (బంబుల్‌బీల) గురించి రెండే మాటలు. ఉత్తర అమెరికా, ఐరోపాల్లో 67 జాతుల నూరేళ్ల లెక్కలు పోల్చిన శాస్త్రవేత్తలు, అవి దక్షిణపు వేడి అంచున 300 కిలోమీటర్ల దాకా చోటు కోల్పోయాయనీ, ఉత్తరంగా మాత్రం ఆ మేరకు జరగలేకపోయాయనీ 2015లో చూపించారు. మన దేశంలో బొద్దు తేనెటీగలు ప్రధానంగా హిమాలయాల్లో ఉంటాయి. కొండ ఎక్కే కొద్దీ చోటు తగ్గుతుంది, శిఖరం తర్వాత ఎక్కడానికి ఏమీ ఉండదు.

చీమల బారు

చీమలకు వద్దాం. రేపు ఉదయం మీ పెరటి గోడ పక్కన చీమల బారు చూడండి. తెల్లవారగానే నడుస్తూ ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది గంటలకు పలచబడుతుంది. మధ్యాహ్నం రెండింటికి చూస్తే నేల ఖాళీ. మళ్లీ పొద్దు వాలాక మొదలవుతుంది. ఎందుకంటే మనకు గాలి వేడి తగులుతుంది, చీమకు నేల వేడి తగులుతుంది. మిట్టమధ్యాహ్నం సిమెంటు గచ్చు అరవై డిగ్రీల దాకా కాగుతుంది, ఆ గచ్చుకు చీమ ఒళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి వేడి పెరగడం అంటే చీమకు పనివేళలు తగ్గడం. ఉదయం ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట తగ్గితే ఏమవుతుందని అనకండి. మే నెలంతా, జూన్ సగం దాకా రోజూ గంట తగ్గితే, పుట్టే పిల్లల సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది.

ఇంకొక సంగతి ఉంది, ఇది చాలామందికి తెలియదు. చీమల బారు నేల మీద గీసిన వాసన గీత. ముందు వెళ్లిన చీమ పొట్ట చివరను నేలకు ఆనిస్తూ ఆ వాసన వదులుతుంది, వెనక వచ్చేవి మీసాలతో పసిగట్టి నడుస్తాయి. ఆ వాసన ఆవిరయ్యే పదార్థమే. మధ్యధరా ప్రాంతపు ఒక చీమ జాతి మీద ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి, నేల 40 డిగ్రీలు దాటితే బాట వాసన త్వరగా ఎగిరిపోయి చీమలు దారి పోల్చుకోలేకపోతున్నాయని 2011లో చెప్పారు. గమనించారా? చీమ చావలేదు. దాని కాళ్లూ మీసాలూ బాగానే ఉన్నాయి. దారి మాత్రం చెరిగిపోయింది. ఒంటరిగా వేటాడే పురుగుకు లేని కష్టం ఇది. కలిసి బతికేవాటికే వచ్చే కష్టం.

వేడికి అలవాటుపడిన చీమలు లేవా? ఉన్నాయి. సహారా ఎడారిలో వెండి రంగు చీమ ఉంది. దాని ఒంటి మీది నూగు ఎండను తిప్పికొడుతుంది. పొడుగు కాళ్లు ఒళ్లును నేలకు ఎడంగా ఉంచుతాయి. ఒంటి వేడి 53 డిగ్రీలకు చేరినా తట్టుకుంటుంది. శత్రువులైన బల్లులు ఎండకు దాక్కున్న ఆ కొద్ది నిమిషాల్లోనే బయటికి వచ్చి, వడదెబ్బకు చచ్చిన పురుగులను ఏరుకుపోతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో మరొక చిన్న చీమ ఉంది. దాని కాపురమంతా ఒకే ఒక్క ఓక్ కాయలో సరిపోతుంది. నగరంలోని కాపురాలనూ ఊరి బయటి కాపురాలనూ తెచ్చి ఒకే వేడిలో పెంచి చూస్తే, నగరంవి వేడిని ఎక్కువగా తట్టుకున్నాయి. నగరపు వేడికి నూరేళ్లలోపే జాతి లక్షణం మారిందన్నమాట. ఇది ఆశ కలిగించే ఫలితమే, కాదనను.

కానీ ఒక లెక్క మరచిపోవద్దు. ప్రకృతి ఎంపిక చేసేది పిల్లలను కనే జీవులనే. చాలా జాతుల్లో, ఒక పుట్టలో లక్ష చీమలున్నా వాటి తల్లి ఒక్కటే. కాబట్టి ఎంపిక లెక్కలో అది లక్ష కాదు, ఒకటి. పైగా చీమల రాణులు ఏళ్లకు ఏళ్లు బతుకుతాయి, తరం మారడానికి అంత కాలం పడుతుంది. ఈగలూ దోమలూ నెలల్లో తరాలు మార్చుకుని కొత్త వేడికి సర్దుకుంటున్నప్పుడు, వాటిని తినే చీమలు అంత వేగంగా సర్దుకోలేవు. మామిడి, జీడిమామిడి చెట్ల మీద ఆకులు కలిపి, పిల్లపురుగుల నోటి పట్టుదారంతో కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు నూజివీడు రైతులకు తెలిసినవే. కోతకు చెట్టెక్కినవారిని అవి కుడతాయి కాబట్టి చాలామంది వాటిని తిట్టుకుంటారు. చెట్టు మీది పురుగులను ఏరి తినేవి కూడా అవే. వాటిని నారింజ తోటల కాపలాకు వాడటం చైనాలో సుమారు 1700 ఏళ్ల నాడే ఉంది. ఆ కాపలా చేజారితే మనం దాని స్థానంలో మందు కొడతాం, ఆ మందు తేనెటీగను చంపుతుంది. ఇవన్నీ విడివిడి సమస్యలు కావని అందుకే అంటున్నాను.

పుట్ట లోపలి గాలి

నాగుల చవితి నాడు మనం పాలు పోసే పుట్టను కట్టేవి చెదపురుగులు. ఇవి చీమల బంధువులు కావు, బొద్దింకల బంధువులు. పుట్ట అడుగున ఇవి ఒక రకం బూజును సాగుచేస్తాయి. నమిలిన కర్ర, ఆకు తెచ్చి దానికి ఎరువుగా వేసి, ఆ బూజు జీర్ణం చేసినదాన్ని తింటాయి. వానాకాలంలో పుట్టల మీద లేచే గొడుగులు ఆ సాగుబడిలోనివే. ఈ బూజుకు సుమారు 30 డిగ్రీల వేడి, నిండు తేమ కావాలి. లక్షలాది పురుగులు, కిలోల కొద్దీ బూజు లోపల ఊపిరి తీస్తుంటే ఆ గాలి బయటికి ఎలా పోతుంది?

దీనికి సమాధానం బెంగళూరు పుట్టల్లోనే దొరికింది. ఓడాంటోటెర్మిస్ ఒబీసస్ అనే జాతి పుట్టలు ఇవి. మన కొండపల్లి, మంగళగిరి కొండల పక్కన నిలువు మడతలతో గోపురంలా లేచే పుట్టల వంటివి. లోపల సన్నని పరికరాలు పెట్టి గాలి కదలికను కొలిచారు, ఫలితాలు 2015లో వచ్చాయి. పగలు ఎండకు పుట్ట అంచు మడతలు ముందుగా వేడెక్కుతాయి, అంచుల్లో గాలి పైకి లేస్తుంది, నడుమ గొట్టంలో కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందుగా చల్లబడతాయి, గాలి ఎదురు తిరుగుతుంది. పగటికీ రాత్రికీ మధ్య వేడిలో ఉండే తేడాయే పుట్టకు ఊపిరి. పగలంతా పేరుకున్న చెడు గాలి రాత్రి పూట బయటికి పోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. వాతావరణ మార్పులో ప్రపంచంలో చాలా చోట్ల పగటి వేడి కన్నా రాత్రి వేడి వేగంగా పెరిగింది. మన ఊళ్లో రాత్రులు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. డాబా మీద పడుకున్నా తెల్లవారుజాము దాకా చల్లబడదు. పగటికీ రాత్రికీ తేడా తగ్గితే పుట్టలో గాలి కదలిక మందగిస్తుంది. గోడలు మార్చి, సొరంగాలు తవ్వి అవి సర్దుకోవచ్చు, చాలావరకు సర్దుకుంటాయనే నేను అనుకుంటున్నాను. కానీ మళ్లీ అదే మాట: ఆ సర్దుబాటు పని, ఆ పనికి పోయిన చెద ఆకు తేవడానికి పోదు.

తొలకరికి ఎగిరే ఉసుళ్ల సంగతి కూడా ఇందులోదే. వాన పడి నేల నానిన సాయంత్రం పుట్టల నుంచి రెక్కల పురుగులు లేచి దీపాల చుట్టూ మూగుతాయి. మన పల్లెల్లో పళ్లెంలో నీళ్లు పెట్టి పట్టి వేయించుకుని తినేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల తింటారు. ఆ ఎగిరినవే రేపటి రాజులు, రాణులు. నేల మెత్తగా ఉన్న ఆ ఒకటి రెండు రోజుల్లోనే జంట కలిసి గుంత తవ్వుకోవాలి. ఏప్రిల్‌లో అకాల వర్షం పడి, అవి మోసపోయి ఎగిరి, మర్నాటి నుంచి నెల రోజులు మండుటెండలు కాస్తే ఆ జంటలకు గతి ఏమిటి? ఎండిన నేలలో గుంత నిలవదు, తడి దొరకదు.

చెదపురుగు అంటే మనకు తలుపులు, పుస్తకాలు తినేదే గుర్తొస్తుంది. ఇక్కడ గ్రంథాలయంలో నిలబడి నేను దాన్ని మెచ్చుకుంటే కొందరికి నచ్చకపోవచ్చు. అయినా ఒక వాస్తవం చెప్పాలి. 2015, 2016లో ఎల్ నినో వల్ల బోర్నియో అడవుల్లో తీవ్రమైన కరవు వచ్చింది. శాస్త్రవేత్తలు కొంత అడవిలో చెదలను తగ్గించి, కొంత అడవిలో అలాగే వదిలేశారు. చెదలున్న చోట కరవులో వాటి సంఖ్య రెట్టింపు అయింది, నేలలో తడి 36 శాతం ఎక్కువగా నిలిచింది, మొలకలు ఎక్కువగా బతికాయి. కరవును తట్టుకునే శక్తి అడవికి ఇచ్చింది చెదపురుగే. రెండో వైపు కూడా చెప్పాలి. ఆరు ఖండాల్లో కర్రముక్కలు పెట్టి చూస్తే, వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడు చెదలు కర్రను తినే వేగం దాదాపు ఏడు రెట్లు పెరిగిందని 2022లో తేలింది. నేల వేడెక్కే కొద్దీ, ఎండిపోయే కొద్దీ చెదలు కొత్త ప్రాంతాలకు విస్తరిస్తాయి, చెట్లలో దాగిన కర్బనం త్వరగా గాలిలో కలుస్తుంది. వాటి పొట్టలో పుట్టే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా ఉంది; భూమి మీద వెలువడే మొత్తం మీథేన్‌లో అది ఒకటి నుంచి మూడు శాతం. కాబట్టి ఒక చోట రక్షకుడు, మరొక చోట మంటకు గాలి. రెండూ నిజమే.

కందిరీగల గురించి క్లుప్తంగా. 2004లో ఆసియా కందిరీగ ఒకటి ఓడ సరుకుతో ఫ్రాన్స్ చేరి, అక్కడి తేనెటీగలకు ప్రాణాంతకమైంది. జపాన్ దేశపు తేనెటీగలకు ఇలాంటి శత్రువుతో పాత పరిచయం ఉంది. గూట్లోకి వచ్చిన పెద్ద కందిరీగను వందల ఈగలు ఒక్కసారిగా చుట్టుముట్టి, కండరాలు అదిలించి 46, 47 డిగ్రీల వేడి పుట్టిస్తాయి. కందిరీగ 44 నుంచి 46 మధ్య చనిపోతుంది, తేనెటీగ 48 నుంచి 50 దాకా తట్టుకుంటుంది. ఆ రెండు మూడు డిగ్రీల తేడా మీదే దాని ఆత్మరక్షణ అంతా ఆధారపడి ఉంది. మొదట అడిగిన ప్రశ్న గుర్తుందా, ఒక డిగ్రీ ఒక లెక్కా అని? ఈ జీవుల బతుకంతా ఒకటి రెండు డిగ్రీల ఇరుకులోనే నడుస్తుంది.

ప్రశ్నలకు సమాధానాలు

పొలంలో తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న రైతు సోదరులు వేసవి జాగ్రత్తలు అడిగారు. పడమటి ఎండ తగలని నీడ ముందు చూసుకోండి. పెట్టె పైన తాటాకు గానీ తడిపిన గోనె గానీ కప్పండి, వాకిలి మాత్రం మూయకండి. పెట్టెకు కొద్ది దూరంలో లోతులేని మట్టి మూకుడులో నీళ్లు పోసి, అందులో గులకరాళ్లు గానీ కొబ్బరి పీచు గానీ వేయండి. వట్టి నీళ్లయితే ఈగలు మునిగి చస్తాయి. ఒకసారి పెట్టాక ఆ మూకుడు ఎండనివ్వకండి, ఎందుకంటే అవి ఆ చోటుకు అలవాటుపడతాయి. మిర్చికీ పత్తికీ మందు కొట్టవలసి వస్తే పూత మీద ఉదయం పూట కొట్టకండి, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టండి. ముందు రోజే పక్క పొలం వాళ్లకు కూడా చెప్పండి.

అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తు చూరుకు పెద్ద పట్టు ఉందని, తీయించాలా అని ఒక అమ్మగారు అడిగారు. పిల్లలు తిరిగే బాల్కనీకి చేతికందేంత దగ్గరగా ఉంటే అనుభవం ఉన్నవాళ్లను రాత్రి పూట పిలిపించండి, మంట పెట్టి కాల్చే వాళ్లను మాత్రం పిలవకండి. ఎత్తున, ఎవరికీ అడ్డు లేకుండా ఉంటే వదిలేయండమ్మా. పట్టుకు ఎదురుగా ఉన్న కిటికీ దీపాలు రాత్రి ఆర్పేయండి, వెలుగుకు అవి ఇంట్లోకి వస్తాయి. బాణాసంచా కాల్చవద్దని, డ్రోన్లు ఎగరేయవద్దని వాచ్‌మెన్‌కు చెప్పి ఉంచండి. ఈ చుట్టుపక్కల పూలు అయిపోగానే అవి తమంతట తామే వెళ్లిపోతాయి. ఖాళీ అయిన మైనపు పట్టును అప్పుడు తీయించుకోవచ్చు.